కర్మ అయ్యాక పుట్టిన కూతురు

ఒక ఆడమనిషికి ఊరు లేకుండా చేశాను.

ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాసి చూసుకుంటే చిన్న వాక్యమే. ఆదోనిలో విలేఖరిగా నా ఉద్యోగమంతా ఇలాంటి వాక్యాలు రాయడంలోనే గడిచింది. ఎవరు, ఎవరికి, ఏం చేశారు. ఈ ఒక్కటి మాత్రం రాయలేదు. దీన్ని లోపల పెట్టుకునే పెళ్లిళ్లకు వెళ్లాను, సమావేశాల్లో ముందు వరస కుర్చీలో కూర్చున్నాను, పదవీ విరమణ రోజున శాలువా కప్పించుకున్నాను. కప్పుతున్నప్పుడు ఎవరో మైకులో నా నిజాయతీ గురించి మాట్లాడారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని చప్పట్లు కొట్టారు.

నా పేరు చెప్పను. మీ పేరూ అడగను. కాసేపు నా పక్కన కూర్చున్నారనుకుని చెబుతాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో ఉన్నది కాదు. అది ఆమె చేతిలో ఉంది. ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.

మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసిన ఇల్లు. మా నాయన ఇంకా పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడే మా తాత లింగప్ప పని కోసం మద్రాసు వెళ్లి, అక్కడ ఓడెక్కి రంగూన్‌కు పోయాడు. కొన్నాళ్లు కబుర్లు వచ్చాయి. తర్వాత యుద్ధం వచ్చింది. బర్మాలో ఉన్న మనవాళ్లు అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. తాత రాలేదు. వస్తాడని చూశారు. పన్నెండేళ్లు కబురు లేని మనిషిని చచ్చిపోయిన వాడిగానే ఎంచడం మా వాళ్ల ఆచారం. అలా ఎంచాక ఊరికే వదలరు. దర్భగడ్డితో మనిషంత బొమ్మ కట్టి, దానికి పేరు పెట్టి పిలిచి, పాడె మీద మోసుకుపోయి కాలుస్తారు.

తాత వెళ్లేనాటికి మగ్గం మీద ఒక ఎర్రంచు చీర సగం నేసి ఉంది. అవ్వ దాన్ని ఎవరినీ పూర్తి చేయనివ్వలేదు. సగం చీరనే కోసి మడిచి దాచింది. బొమ్మకు చుట్టడానికి ఆయన బట్ట ఏదైనా కావాలన్నప్పుడు దాన్నే తీసి ఇచ్చింది. ఒక్కగానొక్క కొడుకు గనుక మా నాయన చేత కొరివి పెట్టించారు. అప్పటికాయనకు మీసం కూడా రాలేదు. అవ్వ గాజులు పగలగొట్టారు. ఆ రోజు నుంచి ఆమెకు తెల్లచీర. ఆ సంవత్సరం నుంచి పెద్దల అమావాస్యకు మా ఇంట్లో తాతకు విస్తరి వేయడం, ఆయన పేరున ఒక ముద్ద గోడ మీద కాకికి పెట్టడం.

ఇక్కడి వరకూ ఊరందరికీ తెలుసు. తక్కినది అవ్వ ఒక్కదానికే తెలుసు. పోయే ముందు నాకు చెప్పింది.

బొమ్మను కాల్చిన చాలా ఏళ్లకు, బర్మా నుంచి మనవాళ్లను పంపించేస్తున్న రోజుల్లో, నందవరం దగ్గరి వాడొకడు తిరిగొచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడట. మీ లింగప్ప బతికే ఉన్నాడన్నాడట. అక్కడ ఇంకో సంసారం ఉందని, ఒక కూతురని చెప్పాడట. అవ్వ అతనికి అన్నం పెట్టింది. ఈ మాట ఇంకెక్కడా అనొద్దని ఒట్టు వేయించుకుని పంపించింది. మా నాయనకు చెప్పలేదు. తెల్లచీర మార్చలేదు. అమావాస్య మానలేదు. మొగుడు బతికున్నాడని తెలిసే, ఏటా ఆయనకు చచ్చినవాళ్ల ముద్ద పెడుతూ వచ్చింది.

"ఆ ముద్ద కాకి ముట్టేది కాదురా," అంది అవ్వ. "తక్కినోళ్ల ముద్దలు కొట్లాడి తినేటివి. ఆయనది అట్లే ఎండిపోయేది. చీమ గూడా పట్టేది కాదు. ఒగ యేడు ముట్టింది. అప్పుడు తెలిసింది నాకు, ఇంగ పోయినాడని. ఆపొద్దు ఏడ్సినా. ముసలిదానికి ఇప్పుడేం పుట్టింది అనుకున్యారు అందరూ."

నేనప్పటికే పత్రికలో చేరాను. కాకి గురించి నాకు వంద కారణాలు తోచాయి. ఒక్కటీ ఆమెతో అనలేదు. అవ్వ ఒట్టు వేయించుకోలేదు కూడా. నేను ఎవరికీ చెప్పనని ఆమెకు తెలుసు. ఆ తర్వాత కొన్నాళ్లకే పోయింది.

చాలా కాలం గడిచింది. నేను ఆదోనిలో స్థిరపడ్డాను. మండలాల నుంచి వచ్చే వార్తలన్నీ చూసి, దిద్ది, పంపే స్థాయికి వచ్చాను. నాయన ఒక్కడే ఎమ్మిగనూరు ఇంట్లో ఉండేవాడు. ఆ రోజుల్లోనే విన్నాను, బర్మా నుంచి ఒక ముసలామె వచ్చి మగ్గాల వీధిలో గది అద్దెకు తీసుకుందని. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఇంటింటికీ మగ్గాలకు నూలు కండెలు చుట్టి పెట్టి బతుకుతోందని. తండ్రిది ఈ ఊరేనని చెప్పుకుంటోందని.

ఆమె పేరు నరసమ్మ అని చెప్పారు. అది మా అవ్వ పేరు.

ఆమె మాట్లాడే తీరు గురించే ఊళ్లో ఎక్కువగా చెప్పుకునేవాళ్లు. ఆమెకు తెలుగు నేర్పింది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి పడుచువయసులో ఈ ఊరు వదిలి మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఊరి మాట మారింది. సినిమాలు వచ్చాయి, బడులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ఆమె నోట్లో మాత్రం పాత ఊరే ఉండిపోయింది. ఇక్కడి వాళ్లు ఎప్పుడో మరిచిపోయిన తిట్లు, ముద్దుమాటలు, దారానికీ గంజికీ ఉన్న పాత పేర్లు ఆమె నోట్లోంచి వచ్చేవి. ముసలివాళ్లు వణికిపోయేవాళ్లు. తమ చిన్నప్పుడు చచ్చిపోయిన ఆడవాళ్లు గోడ అవతల నుంచి పిలిచినట్టు ఉంటుందనేవాళ్లు. కండెలు తీసుకోవడానికి పిల్లల్ని పంపేవాళ్లు కాదు.

ఆమె మా ఇంటికి రాలేదు. మిట్టమధ్యాహ్నం సందు మొదట్లో నిలబడి మా గడపకేసి చూసి వెళ్లిపోయేదట. నాయన రెండుసార్లు చూశాడు. రెండోసారి లేచి తలుపు గడియ వేశాడు. ఎందుకు వేశావని నేను అడగలేదు. మా ఇంట్లో అడగకపోవడం అవ్వతో మొదలైన అలవాటు.

అమ్మ గాని నాయన గాని ఈ దేశంలో పుట్టి, తాను కొన్నేళ్లు వరుసగా ఇక్కడ నివసించి ఉంటే, బయటి దేశంలో పుట్టిన మనిషి కూడా ఇక్కడి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. నరసమ్మ చేసుకుంది. వీసా పొడిగించుకుంటూ ఆ కొన్నేళ్లూ గడిపింది. తండ్రి ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో పుట్టాడని చెప్పింది. జిల్లా ఆఫీసు నుంచి కాగితం కిందికి దిగింది. ఆ ఇంటి వాళ్లను విచారించడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వస్తాడని నాయనకు కబురు చేశారు. నాయన నాకు ఫోన్ చేశాడు.

వెళ్లాను. నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"నేను కొరివి పెట్టినా ఆయనకు. ఊరంతా సూసింది. ఇపుడొచ్చి ఆయప్ప ఆడ బతికినాడు, సంసారం చేసినాడు అంటే, నేను బతికున్న నాయనకు నిప్పు పెట్టినట్ల కాదా? మీ అవ్వ మొగుడుండంగానే ముండమోసినట్ల కాదా? నువ్వు సెప్పు వాళ్లకు. నాకు నోరు రాదు."

ఆయనకు తెలుసునా? అవ్వ ఆయనకు కూడా చెప్పిందా? ముఖం చూస్తే తెలియలేదు. తెలిసినవాడి భయమా, తెలుసుకోవలసి వస్తుందన్న భయమా, తేడా కనిపెట్టలేకపోయాను. ఇప్పటికీ కనిపెట్టలేను.

మర్నాడు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, నా వార్తలు చదివినవాడు. వెంట విచారణ కోసం ఒక కానిస్టేబుల్. వాళ్ల వెనుక నరసమ్మ. వాళ్లిద్దరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆమె గడప బయటే నిలబడింది. ఎండ మాడిపోతోంది. నాయన పిలవలేదు. నేనూ పిలవలేదు. చివరికి ఇన్‌స్పెక్టరే రామ్మా అన్నాడు. వచ్చింది.

అప్పుడు ముఖం చూశాను. అది మా నాయన ముఖం. అవే కనుబొమలు, ఎడమవైపుకు కాస్త జారిన అదే పెదవి. ఒకే ముఖం గదికి ఈ కొసన మంచం మీద, ఆ కొసన చాప మీద కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టర్ వాళ్లిద్దరి వైపూ ఒకసారి చూశాడు. కానిస్టేబుల్ కూడా చూశాడు. పోలికలు కాగితం మీద రాసుకునేవి కావు.

"మీ నాయన ఈడ పుట్టినాడని సెప్పేదానికి నీ దగ్గర ఏముండాదమ్మా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఆయన సెప్పిన మాటలు ఉండాయి నాయనా. నాకు ఆస్తి అదే."

"సెప్పు ఆ మాటలే."

"ఎర్రంచు చీర ఒగటి సగం నేసి వదిలి వచ్చినా అని సచ్చేదాంక అంటాండె." ఆమె నాయన వైపు తిరిగింది. "అన్నా, ఆ చీర ఏం చేసినారు?"

నాయన చేతిలో కర్ర నేలకు టకటకా తగులుతోంది.

"నేతోళ్ల ఇంట్లో చీరలకేం తక్కువమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంగేమన్నా గుర్తు సెప్పు."

ఆమె కాసేపు ఆలోచించింది. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"యేట్లో ఒగ దినం మా నాయన అన్నం ముట్టేటోడు కాదు. పెద్దల అమాసనాడు. మా అమ్మ వడ్డించి పెడితే, కడుపు నిండింది, మావోళ్లు నాకు ఆడ పెట్టినారు అంటాండె. పొద్దున్నుంచీ ఏమీ తినుండడు. త్రేన్పులు వచ్చేటివి. నువ్వుల వాసన వచ్చేది ఆయన నోట్లో. మా ఇంట్లో నువ్వులు లేవు. నేను పిల్లదాన్ని, దగ్గరికి పోయేదానికి భయపడతాంటిని. ఎందుకు నాయనా మీ ఊరికి పోవు అంటే, 'పన్నెండేండ్లు దాటింది, ఆడ నాకు కర్మ సేసింటారు, కర్మ అయినోడు మళ్ల గడప తొక్కగూడదు, ఇంటికి కీడు' అనేటోడు. ఆయన రాలేదు. నాకు ఎవురూ కర్మ సేయలేదు గదా, నేను పోవచ్చు అని నేను వచ్చినా."

కానిస్టేబుల్ తన ముంజేతి మీద లేచిన రోమాలను అరచేత్తో రుద్దుకుని, గట్టిగా నవ్వాడు. "ఈడ పెడితే రంగూన్‌లో కడుపు నిండుతాదంటే, మాకు జీతమే అక్కర్లేదు సార్, ఒగ ఇస్తరాకు సాలు," అన్నాడు. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వాడు. నాకు మాత్రం అవ్వ గొంతు వినిపిస్తోంది. గోడ మీద ఎండిపోయిన ముద్ద. చీమ కూడా పట్టని ముద్ద. అది ఎక్కడికి పోతోందో మా అవ్వకు తెలియదు. ఎక్కడి నుంచి వస్తోందో ఈమె చెబుతోంది. రెండు ఇళ్ల మధ్య సముద్రం ఉంది. రెండు మాటలూ తెలిసినవాణ్ని భూమ్మీద నేనొక్కణ్నే.

"సార్, మీరు పేపరోళ్లు, మీకు మేం సెప్పల్నా," అని ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "మీ తాత సంగతి మీరే సెప్పండి."

నాకు అబద్ధం ఆడటం రాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఉద్యోగం నేర్పిన విద్య వేరే ఉంది. ఒక్క తప్పు మాట కూడా లేకుండా వాక్యం కట్టి, చదివేవాడిని మనకు కావలసిన చోటికి నడిపించుకుపోవడం. కింద పనిచేసే కుర్రాళ్లు అలాంటి వాక్యాలు రాస్తే కొట్టేసి మందలించేవాణ్ని. నేను ఇలా అన్నాను:

"మా తాతకు కర్మ ఈ ఊళ్లోనే జరిగింది. కొరివి పెట్టింది మా నాయన. ఊళ్లో ఎవరినైనా అడగండి. ఏటా ఆయనకు ఈ ఇంట్లోనే పెడుతున్నాం."

గడ్డిబొమ్మ మాట నేనెత్తలేదు. ఇన్‌స్పెక్టర్ నా మాట చాలనుకుని, ఊళ్లో ఎవరినీ అడగకుండానే రాసుకున్నాడు. రాసుకున్నది చదివి వినిపించాడు. లింగప్ప అనే వ్యక్తి ఎమ్మిగనూరులోనే మరణించాడనీ, దరఖాస్తుదారు చెబుతున్న వ్యక్తి ఆయన కాడనీ. "ఇంతే కదా సార్?" అన్నాడు.

నేను తల ఊపాను. సంతకం పెట్టాను. నాయన వేలిముద్ర వేశాడు. ఆయన చెయ్యి నిలవకపోతే మణికట్టు నేనే పట్టుకున్నాను.

వాళ్లిద్దరూ లేచి బయటికి నడిచారు. ఆమె వెంటనే లేవలేదు.

"అల్లుడా," అంది. ఇంతవరకూ మా నాయన వైపు నుంచి నన్ను ఎవరూ అలా పిలవలేదు. మా నాయనకు తోబుట్టువులు లేరు. "నువ్వు సెప్పిన దాంట్లో తప్పు మాట ఒగటి గూడా లేదు."

నేను పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.

"మీరు కర్మ సేసినంక గదా నేను పుట్టింది. అంటే నేను సచ్చినోనికి పుట్టినా." ఆమె నవ్వింది. ఎగతాళి కాదు. లెక్క తేలినందుకు నవ్వినట్టు నవ్వింది. "పోనీలే. నేను ఎవురి బిడ్డనో ఒగరన్నా సెప్పినారు."

గడప దాటేటప్పుడు వంగి దాన్ని చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. అది మా అవ్వ చేసే పని.

దరఖాస్తు తిరస్కరించారు. వీసా పొడిగించలేదు. దేశం విడిచి వెళ్లమని నోటీసు వచ్చింది. ఎక్కడికి వెళ్లాలి? బర్మాలో ఆమె తండ్రిని ఎన్నడూ తమవాడిగా ఒప్పుకోలేదని, ఆమె దగ్గర ఉన్నది పరదేశీ గుర్తింపు కాగితమని తర్వాత తెలిసింది. అక్కడ ఆమె ఇక్కడి మనిషి. ఇక్కడ ఆమె ఎవరూ కాదు. గది తాళంచెవి ఇంటావిడకు ఇచ్చి, మా ఊరికి పోతాండా అని చెప్పి ఆదోని బస్సు ఎక్కిందట. ఏ ఊరు అని ఇంటావిడ అడగలేదట. ఆదోనిలో రైలు ఎక్కిందో లేదో నాకు తెలియదు. మా ఆఫీసు నుంచి స్టేషన్‌కు ఎంతో దూరం లేదు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే, నాయన కోసం చేశాను, అవ్వ మానం కోసం చేశాను అని మీతో అనగలిగేవాణ్నేమో. ఆగలేదు.

ఒక రోజు మధ్యాహ్నం కర్ణాటక సరిహద్దున ఉన్న హొళగుంద నుంచి మా విలేఖరి ఫోన్ చేశాడు. చిన్న వార్త ఉందన్నాడు. బస్టాండులో ఒక ముసలామె కూర్చుని ఉంది, రెండు మూడు రోజులైంది. మంచిది, ఎవరినీ ఏమీ అనదు. మాట మాత్రం వింతగా ఉంది.

"మన తెలుగే అన్నా, అయినా మన తెలుగు కాదు," అన్నాడు. "కన్నడమోళ్లు తెలుగనుకుంటాండారు, తెలుగోళ్లు కన్నడమనుకుంటాండారు. పోలీసోళ్లు వచ్చి నీది ఏ ఊరు, ఎవురి బిడ్డవు అంటే, మా నాయన సచ్చినంక పుట్టినా అంటాది. అదే మాట, ఎన్నిసార్లు అడిగినా. పిచ్చిదేమో పాపం. ఫోటో తీసినా. ఏస్తే వాళ్లోళ్లు ఎవురన్నా సూసి వస్తారేమో అన్నా."

ఫోటో వచ్చింది. తెరిచాను. మా నాయన ముఖం నన్ను చూస్తోంది.

ఆ ఫోటో ఎంతసేపు చూశానో చెప్పలేను. చుట్టూ అందరూ పని చేసుకుంటున్నారు. పక్క టేబుల్ దగ్గర పత్తి ధర గురించి ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. ఈ వార్త వేస్తే ఎమ్మిగనూరులో ప్రతి ఇంట్లో చూస్తారు. ఫోటో పక్కన మా నాయనను నిలబెట్టి చూస్తారు. విచారణలో నేను చెప్పిన మాట బయటికి వస్తుంది. ఇదంతా ఒక్క క్షణంలో తోచింది. నాయన గురించి కూడా అందులో రాలేదు. నా గురించే వచ్చింది. నా పేరు. మైకులో చెప్పుకునే నా నిజాయతీ.

"ఈరోజు స్థలం లేదు," అన్నాను. రేపు చూద్దామన్నాను. మర్నాడు అతను అడగలేదు, నేను ఎత్తలేదు. ఫోటో తీసేశాను. హొళగుంద బస్సులో గంటన్నర ప్రయాణం కూడా కాదు. వెళ్లలేదు. కొన్నాళ్లకు అతనే వేరే మాటల మధ్య, ఆమె ఇప్పుడు బస్టాండులో లేదన్నా అన్నాడు. పోలీసులు తీసుకుపోయారో, సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్లిందో, లేక చచ్చిపోయిందో అతనికి తెలియదు. నేను కనుక్కోమనలేదు. కనుక్కోవడమే వృత్తిగా బతికినవాణ్ని.

అప్పుడప్పుడు మాత్రం వినబడుతూ ఉండేది. ఉగాది తర్వాత కైరుప్పలలో పిడకల సమరం చూడటానికి వెళ్లిన మా ఫోటోగ్రాఫర్, దుమ్ములో ఒక ముసలామె తనను పాతకాలం పేరేదో పెట్టి పిలిచిందని, తిరిగి చూస్తే లేదని చెప్పాడు. దేవనకొండ వైపు రాగులు కోసేవాళ్లు ఒకామె పాట విన్నామన్నారు. ఆమేనా? తెలియదు. ఇలాంటి మాటలకు నేనే చెవులు రిక్కిస్తున్నానేమో. అడుగుతున్నాను, సమాధానం దొరకడం లేదు: ఆమెను ఎవరైనా చూశారంటే నాకు ఎందుకు భయం, చూడలేదంటే ఇంకా ఎందుకు భయం?

నాయన చనిపోయిన ఏడాది ఆయన మంచం పక్కన చాలా రోజులు కూర్చున్నాను. ఒకనాడు కళ్లు తెరవకుండానే అన్నాడు, "ఆమె నన్ను అన్నా అనింది రా. ఇంకెవురూ అనలేదు నన్ను అట్ల." అంతే. దాంతో నాకున్న ఒక్క సాకూ పోయింది. ఆయన కోసమే చేశానని చెప్పుకునేవాణ్ని. ఆయనకు కావలసింది వేరే ఉండింది. విచారణ రోజు నేను గట్టిగా ఒక్క నిజం చెప్పి ఉంటే, ఆయన ఏడ్చి ఉండేవాడు, తిట్టి ఉండేవాడు, తర్వాత ఆమెను అన్నం తినమని ఉండేవాడు. ఊరు నాలుగు రోజులు నవ్వి మరిచిపోయేది.

పోయిన నెల రెవెన్యూ ఆఫీసుకు వెళ్లాను. పాత విచారణలో నేనిచ్చిన వాంగ్మూలం తప్పని రాసిస్తానన్నాను. ఇప్పుడున్న అధికారి అమ్మాయి. నన్ను కూర్చోబెట్టి ఓపికగా విన్నది.

"ఇప్పుడు దరఖాస్తు మళ్లీ పెట్టుకోవాల్సింది ఆమే సార్," అన్నది. "ఆమె ఉన్నారా?"

ఉంది అనలేను. లేదు అనలేను. ఆ అమ్మాయి కాసేపు చూసి, వేరే ఫైలు దగ్గరికి జరుపుకుంది.

పెద్దల అమావాస్య దగ్గర పడుతోంది. నా భార్యకు ఈ సంగతి ఇప్పుడే చెప్పాను, మీకన్నా కొన్ని రోజుల ముందు. నిన్న విస్తళ్లు కొనడానికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "మీ అత్తకు గూడా ఒకటి తెచ్చేదా?" అని అడిగింది.

తెమ్మంటే, ఆమె ఎక్కడో బతికి ఉండి, పొద్దున్నుంచీ ఏమీ తినకుండానే కడుపు నిండి, నోట్లో నువ్వుల వాసన వచ్చి, ఓహో వీళ్లు నాకూ పెట్టేశారు అనుకుంటుంది. ఇక ఏ గడపా తొక్కదు. వద్దంటే, ఆమె చచ్చిపోయి ఉంటే, పెట్టే దిక్కు ఈ భూమ్మీద ఇంకెవరూ లేక ఆకలితో ఉంటుంది. ఈ రెంటిలో ఏది నిజమో కనుక్కోగలిగిన రోజున నేను స్థలం లేదన్నాను.

వద్దన్నాను. తప్పో ఒప్పో తెలియదు. బతికున్న మనిషికి మా ఇల్లు మళ్లీ చచ్చినవాళ్ల ముద్ద పెట్టకూడదు.

ఆ రోజు మధ్యాహ్నం చెప్పవలసింది ఇప్పుడు చెబుతాను. లింగప్ప ఎమ్మిగనూరులో పుట్టాడు. రంగూన్‌లో బతికాడు, అక్కడే చచ్చిపోయాడు. మేము కాల్చింది గడ్డిబొమ్మను. నరసమ్మ ఆయన కూతురు. నా మేనత్త. ఆమెది ఈ ఊరే. ఈ మాటలు నేను ఏరుకుని పేర్చినవి కావు, వచ్చినవి వచ్చినట్టే రాశాను. వీటితో ఆమెకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఊపిరి కాస్త కిందిదాకా దిగుతోంది. అది కూడా నాకు దక్కవలసింది కాదని తెలుసు. దిగుతోంది, అంతే.